బాక్సు పక్కన నిలబడే కొడుక్కు

కొడుకా,

డీజే కొన్నవని మీ అమ్మ చెప్పినప్పుడు సంతోషపడ్డ. అప్పు చేసి కొన్నవని తెల్సి కొంచెం భయపడ్డ గూడ. అది వేరే ముచ్చట, దానికి మీ నాయిన ఉన్నడు. నేను చెప్పేది చెవుల సంగతి. ఫోన్ల చెప్దామంటే నువ్వెప్పుడూ బండి మీదనే ఉంటవు. అవతల నీ జనరేటర్ సప్పుడు, ఇవతల నా చెవి మిషన్. నువ్వు చెప్పేదాంట్ల సగమే నాకు అందుతది. అందుకే రాస్తున్న. తీరిపాటంగ సదువు.

ముందుగాల ఒక మాట. డీజే బంద్ పెట్టుమని నేను అంటలేను. బారాత్ లేకుంటే మనోళ్లకు పెండ్లి అయినట్టే ఉండదు. డప్పు మంచిది, డీజే చెడ్డది అనే మా వయసోళ్ల మాట గూడ నేను ఒప్పుకోను. డప్పును మంట కాడ కాపి, భుజానికి ఏస్కొని, తెల్లార్లు కొట్టినోళ్లల్ల చెవులు మందమైనోళ్లను చెవుల జబ్బులోళ్ల నడుమ చేసిన నా నౌకరిల మస్తు మందిని చూసిన. తేడా ఒక్కటే. డప్పు కొట్టే చెయ్యి గుంజుతది. మనిషి ఆగి, చాయ్ తాగి, మల్ల మొదలుపెడ్తడు. ఆ కొంచెంసేపు చెవికి గూడ ఊపిరి దొర్కుతది. నీ ఆంప్లిఫయర్‌కు చెయ్యి గుంజదు.

చెవి లోపల నత్తగుల్ల తీరుగ సుట్టుకున్న చిన్న గొట్టం ఉంటది. బటానీ గింజంత ఉంటదేమో. దాంట్ల సన్నని వెంట్రుకల కణాలు, ఒక్కొక్క చెవికి సుమారు 15 వేలు. మనం పుట్టినప్పుడు తెచ్చుకున్నయి అవే. సప్పుడు వస్తే ఆ వెంట్రుకలు వంగుతయి, లేస్తయి, ఆ కబురు నరం మీదుగ మెదడుకు పోతది. పెద్ద సప్పుడు ఎక్కువసేపు కొడితే వంగినయి లేవవు. కొన్నాళ్లకు ఆ కణం సచ్చిపోతది. కోళ్లకు, పిట్టలకు అవి మల్ల మొలుస్తయట. మనుషులకు మొల్వవు. మందు లేదు, ఆపరేషన్ లేదు. ఏ డాక్టరైనా మొలిపిస్తనని పైసలు అడిగితే లేచి రా.

బారాత్ అయినంక ఇంటికొచ్చి పండుకున్నప్పుడు చెవుల్ల గుయ్యిమంటది గదా, ఎవలన్న మాట్లాడ్తే దూరంకెళ్లి విన్నట్టు ఉంటది గదా. పొద్దుగాలకు తగ్గితే నువ్వు దాన్ని మర్చిపోతవు. తగ్గిందంటే బాగైందని కాదు. కొన్ని కణాలు లేచినయి, కొన్ని లేవలే. నొప్పి లేదు, నెత్తురు లేదు, కాబట్టి ఎవ్వలూ నమ్మరు. కాలుకు ముల్లు ఇరిగితే కూడ గింతకన్న ఎక్కువ పట్టించుకుంటరు.

ముందుగాల పోయేటియి సన్న సప్పుళ్లను పట్టే కణాలు. రాత్రిపూట కీచురాళ్ల సప్పుడు పోతది, పోయిందని మనకు తెల్వనే తెల్వది. తర్వాత మాటల్ల అక్షరాలు పోతయి. ఆ, ఈ, ఓ అనే సాగే సప్పుళ్లు మోటుగ ఉంటయి, అవి బాగనే వినవస్తయి. క, త, ప, స ఇవన్నీ సన్నని సప్పుళ్లు, అవి జారిపోతయి. అవతలోడు పత్తి అన్నడో, కత్తి అన్నడో, సుత్తి అన్నడో తేలదు. అందుకే ఈ జబ్బున్నోళ్లు "వినవస్తున్నది గాని సమజ్ అయితలేదు" అంటరు. ఇంట్లోళ్లకేమో, "నిన్న పిలిస్తే పలికిండు, ఇయ్యాల పలుకుతలేడు, కావాలెనని చేస్తున్నడు" అనిపిస్తది. ఆడోళ్ల గొంతు, పిలగాండ్ల గొంతు సన్నగ ఉంటది గనుక ముందు వాళ్ల మాటే అందదు. మొగోళ్లు పెండ్లాం మాట ఇనరని నగుతరు గదా, అండ్ల సగం చెవి జబ్బే కావచ్చు. మిగిలిన సగానికి నా దగ్గర మందు లేదు.

ఇగ నీ సంగతికి వస్త. నువ్వు మిక్సర్ కాడ నిలబడి, టాపులు ఎంత, బేస్ ఎంత అని చెవితోనే కొలుస్తవు. నీ చెవుల సన్న సప్పుడు తగ్గిందనుకో, పాటల తాళం, గజ్జెల సప్పుడు నీకు మందంగ వినవస్తది. నువ్వు టాపులు ఇంకొంచెం లేపుతవు. నీకు సరిపోయింది, నిమ్మలంగ ఉన్నోడి చెవికి ఎక్కువైంది. వాని చెవి గూడ తగ్గుతది. వచ్చే ఏడు నీది ఇంకింత తగ్గుతది, ఇంకింత లేపుతవు. చెవి తగ్గిన ఆపరేటర్ ఊరందరి చెవుల్ని తన కొలతకు తీస్కవస్తడు. నేను నీకు చెప్పదల్చుకున్నది నిజానికి ఈ ఒక్క ముచ్చటే. డ్రైవర్‌కు కండ్లు ఎట్లనో నీకు చెవులు అట్ల. లారీ లైసెన్సుకు కండ్ల పరీక్ష చేస్తరు, డీజేకు చెవి పరీక్ష అడిగేటోడు లేడు. అడగకున్నా నువ్వే చేయించుకోవాలె.

లెక్క చెప్త, నువ్వు ఇంటర్‌ల లెక్కలు మంచిగ చేసినవు. సప్పుడును డెసిబెల్‌ల కొలుస్తరు. 85 డెసిబెల్స్ సప్పుడుల రోజుకు 8 గంటలు ఉండొచ్చు. 3 పెరిగితే టైం సగమైతది. 88ల 4 గంటలు, 91ల 2 గంటలు. గట్ల పోతే 100 డెసిబెల్స్ కాడ 15 నిమిషాలే. నీ బాక్సు పక్కన 100 దాటుతదని వేరే చెప్పాల్నా? ఒక పాట, రెండు పాటలు, మూడో పాట కల్ల నీ రోజు కోటా అయిపోయింది. బారాత్ మాత్రం ఇంక కమాన్ కూడ దాటలే. ఫోన్ల సప్పుడు కొలిచే యాప్‌లు ఉన్నయి. కచ్చితంగ ఉండకపోవచ్చు, అంచనాకు మాత్రం పనికొస్తయి. చెవి మీద కాకుండ ఆ అంకె మీద నమ్మకం పెట్టు.

చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. మెడికల్ షాపులనో, ఆన్‌లైన్‌లనో నురగ ఇయర్ ప్లగ్‌లు దొర్కుతయి, జతకు పదుల రూపాయలల్లనే. వేళ్లతోని సన్నగ నలిపి, రెండో చెయ్యి తల మీంచెల్లి తెచ్చి చెవి పైభాగం పట్టి పైకి, ఎనుకకు గుంజి, లోపల దోపి, అది ఉబ్బేదాక వేలుతోని పట్టుకోవాలె. చెవి బయట వేలాడ్తుంటే అది పెట్టుకున్నట్టు కాదు. పాట పాటలెక్కనే వినాలెనంటే పాటగాళ్లు వాడే రకం ఉంటయి. అవి అన్ని సప్పుళ్లను సమానంగ తగ్గిస్తయి, కొంచెం ధర ఎక్కువ, నీ పనికి అవే మంచిగ. పత్తి మాత్రం పెట్టుకోకు. మన మండలంల పత్తికి కొదవ లేదు గాని చెవులల్ల అది చేసేది మస్తు తక్కువ. పెట్టుకున్నమనే ధైర్యం మాత్రం ఇస్తది, అదే ప్రమాదం.

దూరం గూడ మందే. బయలు జాగల బాక్సుకు రెండింతల దూరం జరిగితే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతది. అంటే నువ్వు బాక్సుకు ఆనుకొని నిలబడకుండ, వైరు పొడుగు పెట్టుకొని కొంచెం ఎడంగ మిక్సర్ పెట్టుకుంటే, పైస ఖర్సు లేకుండ నీకు టైం నాలుగింతలు పెరిగినట్టు. మధ్యల బండి ఆగినప్పుడు నువ్వు గూడ దూరం నడిచి రా. బాక్సులు మోసే పిలగాండ్లకు గూడ ప్లగ్‌లు కొనియ్యి. వాళ్లకు నువ్వే మేస్త్రివి, నువ్వు పెట్టుకుంటే వాళ్లు పెట్టుకుంటరు. మీ చిన్నోన్ని బండి మీద బాక్సుల నడుమ కూసోవెట్టి తీసిన ఫోటో వాట్సప్‌ల చూసిన. వాడు ముద్దుగనే ఉన్నడు. ఇంకోసారి పెట్టకు.

రాత్రి 10 కాంగనే పోలీసోళ్లు ఆపుమంటే నీకు కోపం వస్తదంట. 2000 సంవత్సరంల కేంద్రం చేసిన సప్పుడు రూల్స్ ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దుగాల 6 దాక మైకులు బంద్. ఇండ్లున్న జాగల పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటొద్దు. మనూర్ల పగలే ఎప్పుడు దాటకుండ ఉన్నది? 2024 అక్టోబర్‌ల హైదరాబాద్ పోలీసులు దేవుని ఊరేగింపులల్ల డీజేలే వద్దన్నరు. నువ్వు నీ అంతల నువ్వు తగ్గించుకుంటే నీ ధంద బతుకుతది. లేకుంటే ఎవలో ఒకలు వచ్చి మొత్తం బంద్ పెడ్తరు. ఇది పెద్దమ్మ మాట కాదు, యాపారం మాట అనుకో.

మీ తాత గురించి చెప్త. నువ్వు పుట్టెవరకే ఆయన ముసలోడు, నీకు కోపిష్టిగనే గుర్తుంటడు. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు, అంటే 1955ల నెహ్రూ పునాది రాయి ఏసినంక, మన దిక్కు నుంచి, పాలమూరు నుంచి కూలికి పోయినోళ్లల్ల ఆయన గూడ ఉండె. రాయికి రంధ్రం కొట్టుడు, తూటా పెట్టుడు, పేల్చుడు. తర్వాత ఊరికొచ్చి బాయిలు తవ్వే పనుల్ల గూడ గదే తూటా. చెవికి అడ్డం పెట్టుకొమ్మని చెప్పినోడు లేడు. ఆ కట్టకు రాయి మోసిన మన గట్టు ఊర్లకు సాగర్ కాలువ నీళ్లు రాలే, వచ్చిన కూలి పైసలు ఖర్సైపోయినయి, చెవుల రొద మాత్రం ఆయనతోనే ఇంటికొచ్చింది. ఫ్యాక్టరీల చట్టంల సప్పుడుతోని పోయే వినికిడిని పనివల్ల వచ్చే జబ్బుల పట్టికల పెట్టిండ్రు, వచ్చినట్టు సర్కారుకు చెప్పాలె గూడ. ఫ్యాక్టరీ గోడ దాటినంక, బాయిల, బోరు బండి కాడ, నీ ట్రాలీ మీద ఆ పట్టిక ఎవలు చూస్తరు?

మీ తాత కోపిష్టి ఎందుకయ్యిండో నాకు నౌకరి చేసినంక సమజ్ అయ్యింది. నలుగురు కూసున్న కాడ ఒక్కటే మాట పట్టుకొని మిగిలినయి ఊహించుకునేటోడు. ఎవలేమన్నా "ఊ" అనేటోడు. "ఊ" అన్నంక పొలం పాలు ఒప్పుకున్నట్టు, ఎద్దును ఇచ్చినట్టు లెక్క. తర్వాత కాదంటే తగాద. గట్ల రెండు మూడు సార్లు అయినంక రచ్చబండ కాడికి పోవుడే మానేసిండు. ఊర్లోళ్లు చెవిటోని ముందట శంఖం ఊదినట్టని సామెత చెప్పి నవ్వేటోళ్లు. ఆయనకు చెవులు పోయినందుకు కాదు, పోలేదని చూపెట్టనీకె పడ్డ తిప్పలకు మనిషి ఒంటరైపోయిండు. ఇప్పుడు పెద్ద డాక్టర్లు గూడ చెప్తున్నరు. లాన్సెట్ అనే డాక్టర్ల పత్రిక వేసిన కమిషన్ 2017 నుంచి చెప్తున్నది, నడిమి వయసుల వినికిడి తగ్గి, దాన్ని పట్టించుకోకుంటే, ముసలితనంల మతిమరుపు వచ్చే అవకాశం పెరుగుతదని.

మన మర్రిగూడ పేరు చెప్తే ఎవలైనా ఫ్లోరైడ్ అంటరు. శివన్నగూడెం అంశల స్వామి ఫోటో చూడనోడు లేడు. 2023 జనవరిల ఆయన పోయిండు. ఆయన వంగిన కాళ్లు, చేతులు చూసే లీడర్లు మన ఊర్లకు వచ్చిండ్రు, నల్లా నీళ్లు వచ్చినయి. అది ఆయన మనకు చేసిన మేలు. చెవికి గట్ల ఫోటో ఉండదు. బొక్కలు వంగితే కెమెరాల పడ్తయి, చెవి పోతే మనిషి మూలకు కూసుంటడు, అంతే కనవడ్తది. అందుకే ఈ జబ్బున్నోడు తన నోటితోనే చెప్పుకోవాలె. ఇంకోడు చూసి కనిపెట్టి వస్తడని చూడొద్దు.

నా చెవి మిషన్ సంగతి నువ్వు అడుగుతుంటవు గదా. నాది వయసుతోని వచ్చింది. నేను మొదటి రోజు నుంచే అందరికీ చెప్పిన, మిషన్ కనవడేటట్టే జుట్టు ఎనకకు వేసుకుంటున్న. కండ్లద్దాలు పెట్టుకోంగనే కనవడ్డట్టు మిషన్ పెట్టుకోంగనే వినరాదు. మొదట్ల బోల్ల సప్పుడు, చీపురు సప్పుడు, కాయితం సప్పుడు అన్నీ చెవుల పొడిచినట్టు ఉంటయి. ఏండ్ల కొద్దీ మర్చిపోయిన సప్పుళ్లను మెదడు మల్ల నేర్చుకోవాలె, దానికి వారాలు పడ్తది. చాన మంది పదో రోజు తీసి బీరువల పెడ్తరు. పెట్టినంక, "మిషన్ దండుగ" అని ఊరంత చెప్తరు. రోజు కొన్ని గంటలు పెట్టుకుంట పెంచుకుంట పోవాలె, మల్లోసారి పోయి సెట్టింగ్ చేయించుకోవాలె. వానకాలం, చెమట కాలం రాత్రిపూట తీసి, తేమ గుంజే గుళికల డబ్బల పెట్టాలె. తలస్నానం అప్పుడు తియ్యాలె. రెండు చెవులు పోతే రెండింటికీ పెట్టుకోవాలె. ఒక్కదానికే పెట్టుకుంటే సప్పుడు ఏ దిక్కు నుంచి వస్తున్నదో తెల్వక రోడ్డు మీద ఆగమైతరు.

మిషన్ ఉన్నా నేను మనుషుల మీదనే ఆధారపడ్త. నాతోని మాట్లాడెటప్పుడు నువ్వు మంచిగ చేస్తవు, ముందు "పెద్దమ్మా" అని పిలిచి, నేను చూసినంక మొదలుపెడ్తవు. మీ అమ్మ వంటింట్లకెళ్లి అరుస్తది. అరిస్తే సప్పుడు పెరుగుతది గాని అక్షరం చెదురుతది. పైగ నాసొంటోళ్లకు చిన్న సప్పుడు వినరాదు, పెద్ద సప్పుడు నొప్పి లేస్తది, నడుమ జాగ సన్నగ ఉంటది. మొఖం మీద వెలుతురు పడేటట్టు కూసోని, మామూలు గొంతుతోని, కొంచెం నిమ్మలంగ మాట్లాడ్తే సగం పెదవులల్ల చదువుకుంట. ఒకసారి అందకపోతే అదే మాట పదిసార్లు చెప్పకుండ వేరే మాటల చెప్తే అందుతది. "ఏం లేదు తియ్" అనొద్దు. ఇంట్ల అందరూ నవ్వినంక ఎందుకు నవ్విండ్రో అడిగితే "ఏం లేదు తియ్" అన్న మాట, తిట్టుకన్న గట్టిగ తాకుతది.

పింఛన్ సంగతి అడిగేటోళ్లు నా దగ్గరికి వస్తరు, నువ్వు గూడ తెల్సుకో. 2016 వికలాంగుల చట్టం ప్రకారం రెండు చెవుల్ల 60 డెసిబెల్స్ నష్టం ఉంటేనే వినికిడి లోపం కింద లెక్క. ఒక్క చెవి మొత్తం పోయినా ఆ లెక్కల పడరు. సర్కారు పెట్టే క్యాంపుల పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇస్తరు. పేద ముసలోళ్లకు వయోశ్రీ అని కేంద్రం పథకం ఉన్నది, 2017 ఏప్రిల్ 1న నెల్లూరుల మొదలుపెట్టిండ్రు, దాంట్ల చెవి మిషన్లు గూడ ఉన్నయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌ల అలీ యావర్ జంగ్ సంస్థ వాళ్ల సెంటర్ ఉన్నది, చెవులు, మాటలు, పిలగాండ్ల సంగతి అంత వాళ్లే చూస్తరు. పుట్టిన బిడ్డకు చెవి వినరాకపోతే ఆపరేషన్‌తోని కాక్లియర్ మిషన్ పెట్టుడు ఆరోగ్యశ్రీల ఉన్నది. ఎంత తొందరగ పోతే గంత మంచిగ మాట వస్తది. నౌకరిల నేను ఎక్కువ బాధపడ్డది ఇక్కడనే. "మా తాతకు గూడ ఆలస్యంగనే మాటొచ్చింది" అనుకుంట నాలుగైదేండ్లు ఎదురుచూసే తల్లులను చూసి.

ఒక్కటి మాత్రం గట్టిగ గుర్తుపెట్టుకో. పొద్దుగాల లేవంగనే ఒక చెవి ఉన్నట్టుండి పోయిందనుకో, గుబిలి అడ్డం పడ్డదేమో అనుకొని ఆగొద్దు. గదే రోజు చెవి డాక్టర్ కాడికి పోవాలె. కొన్ని దినాలల్ల మందు పడితే వచ్చే అవకాశం ఉంటది, నెల దాటినంక పోతే వాళ్లు గూడ ఏం చెయ్యలేరు. టీబీకో ఇంకో జబ్బుకో సూదులు ఇస్తుంటే, చెవుల్ల రొద మొదలైతే వెంటనే డాక్టర్‌కు చెప్పాలె. మా కాలంల టీబీకి ఇచ్చిన స్ట్రెప్టోమైసిన్ సూదులు కొందరి చెవులకు ఎసరు పెట్టేటియి. చెవుల కోడీక, పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టేటోళ్లకు నేను ఏండ్ల తరబడి చెప్పిన, మల్ల నీకు చెప్తలేను.

వచ్చే వారం నీకు ప్రోగ్రాం లేని దినం చూడు. పొద్దుగాలనే లేచి మాల్ ఊరి మీదుగ పోతే ఓపీ టైంకు కోఠి ఈఎన్‌టీ దవాఖానకు అందుతం. చీటి తీసుకోను వరుస ఉంటది, ఓపిక పట్టాలె. పోయే ముందు రోజు డీజే కొట్టకు, కొడితే పరీక్షల చెవి నిజం చెప్పదు. పరీక్ష చేసి ఇచ్చే గ్రాఫ్ కాయితం దాచిపెట్టుకుంటే ఏడాదికోసారి పోల్చి చూసుకోవచ్చు. ఆధార్ కార్డు తెచ్చుకో. చిన్నోన్ని గూడ తీస్కరా. పోయిన నెల వాని చెవి కారిందని, మీ అత్తగారు ఎల్లిగడ్డ నూనె పోసిందని మీ అమ్మ చెప్పింది. కర్ణభేరికి రంధ్రం పడ్డదో లేదో డాక్టర్ చూసేదాక ఇగ ఏమీ పొయ్యనియ్యకు, తలకు నీళ్లు పోసేటప్పుడు చెవుల నీళ్లు పోకుండ చూడుమని కోడలికి చెప్పు.

మీ పెద్దమ్మ